సిన్‌సే నా ప్లీహం వీక్ అంటోంది, స్కాన్‌లో ప్లీహం భేష్ అంటున్నారు. ఎవర్ని నమ్మను?

సింగపూర్_శీను | మార్చి 3, రాత్రి 9:14

అందరికీ నమస్కారం. మూడు నెలలుగా కడుపు సతాయిస్తోంది. తిన్న అరగంటకి పొట్ట డప్పులా ఉబ్బుతుంది. పొద్దున్నే రెండు మూడుసార్లు పల్చగా వెళ్తోంది. మధ్యాహ్నం మూడయ్యేసరికి కుర్చీలోనే కునుకు. ఆఫీసులో పక్కసీటు చైనీస్ ఆవిడ జాలిపడి తనకు తెలిసిన సిన్‌సే దగ్గరికి తీసుకెళ్లింది. ఇక్కడ చైనా వైద్యుల్ని అలాగే పిలుస్తారు.

ఆ సిన్‌సే రెండు మణికట్లూ మూడేసి వేళ్లతో చాలాసేపు పట్టుకుని చూసింది. నాలుక చాపమంది. అంచుల మీద పళ్ల గుర్తులు నాకే అద్దంలో చూపించి "స్ప్లీన్ వీక్, లోపల డ్యాంప్ ఎక్కువ" అంది, అంటే ప్లీహం నీరసం, లోపల తేమ ఎక్కువ అని. నా గుండె జారింది. మర్నాడే హాస్పిటల్‌కి పరిగెత్తి స్కాన్ తీయించుకున్నా. ప్లీహం 10 సెంటీమీటర్లు, పూర్తిగా నార్మల్. డబ్బులు వదిలాయి.

సిన్‌సే ఇచ్చినవి: పది రోజులకి పొడి పొట్లాలు, వేణ్నీళ్లలో కలుపుకుని రోజుకి రెండుసార్లు. ఐసు నీళ్లు బంద్, సలాడ్లు బంద్, రాత్రి పొద్దుపోయాక తిండి బంద్. అంతవరకూ ఓకే. పెరుగు కూడా బంద్ అంది. నేను తెనాలి వాణ్ణి. పెరుగన్నం లేకుండా భోజనం అయిపోయిందని నా కడుపుకి ఎలా తెలుస్తుంది?

---

నాన్జింగ్_రిటర్న్ | మార్చి 3, రాత్రి 10:02

కంగారు పడకు అన్నా. నేను చైనాలో ఎంబీబీఎస్ చేశాను. మాకూ వాళ్ల సంప్రదాయ వైద్యం ఒక సబ్జెక్టుగా పెట్టారు. క్లాసులో సగం మంది నిద్రపోయేవాళ్లు కానీ నాకు ఎందుకో బాగా ఎక్కింది.

ఆవిడ చెప్పిన ప్లీహం, నీ స్కాన్‌లో కనపడిన ప్లీహం ఒకటి కావు. చైనీస్‌లో దాన్ని "పీ" అంటారు. పాత గ్రంథాల్లో పీ అంటే అవయవం కన్నా ఉద్యోగం అనుకో. తిన్నదాన్ని సారంగా మార్చి ఒళ్లంతా మోసుకెళ్లే ఉద్యోగం. దాన్ని "యూన్‌హువా" అంటారు. రెండు వేల ఏళ్ల నాటి హువాంగ్‌ది నేజింగ్‌లో శరీరాన్ని రాజ్యంలా వర్ణిస్తూ ఒక్కో అవయవానికి ఒక్కో పదవి ఇస్తారు. గుండె రాజు, కాలేయం సేనాని. ప్లీహం, జీర్ణాశయం కలిసి ధాన్యపు కొట్లు చూసే అధికారులు.

ఆ కొట్ల అధికారి నీరసపడితే ఏమవుతుంది? ఆకలి తగ్గుతుంది, తినగానే ఉబ్బరం, పల్చటి విరేచనం, కాళ్లూ చేతులూ బరువు, ముఖం పాలిపోవడం, నాలుక ఉబ్బి పళ్ల గుర్తులు పడటం. దీన్ని "పీ-చీ-షూ" అంటారు, అంటే ప్లీహపు శక్తి తగ్గడం. నువ్వు రాసిన లక్షణాలు పాఠ్యపుస్తకంలోంచి దించినట్టున్నాయి.

సరదాకి ఒకటి: మామూలు చైనీస్‌లో "పీ-చీ" అంటే మనిషి కోపస్వభావం. హాస్టల్ వార్డెన్‌కి పీ-చీ చాలా ఎక్కువ.

---

లాజిక్_లింగం | మార్చి 3, రాత్రి 10:31

అంటే ఉన్న అవయవానికి లేని జబ్బు, ఆ లేని జబ్బుకి ఉన్న బిల్లు. బాగుంది. పళ్ల గుర్తులు పళ్లున్న ప్రతివాడి నాలుక మీదా ఉంటాయి బ్రో.

---

ఆకుపసరు | మార్చి 4, ఉదయం 6:40

శీను గారూ, నేను ఆయుర్వేద వైద్యురాలిని. విచిత్రం ఏమిటంటే మన దగ్గర ప్లీహం అంటే నిజంగా ప్లీహమే. రక్తవహ స్రోతస్సులకి, అంటే రక్తం నడిచే దారులకి, మూలం యకృత్తు (కాలేయం), ప్లీహం అని మాకు మొదట్లోనే చెప్తారు. అది పెరిగి పొట్ట ఎత్తుకొస్తే ప్లీహోదరం, ఎనిమిది ఉదర రోగాల్లో ఒకటి. వెంపలి చెట్టుకి సంస్కృతంలో ప్లీహశత్రువు అనే పేరుంది, దాన్ని ఎందుకు వాడేవారో పేరులోనే ఉంది.

చైనావాళ్లు ప్లీహానికి అప్పజెప్పిన పనంతా మనం జఠరాగ్నికి అప్పజెప్పాం. మీ లక్షణాలు నా దగ్గరికి వస్తే మందాగ్ని, ఆమం అంటాను. విరేచనాలు మానకుండా సాగితే గ్రహణి వైపు ఆలోచిస్తాను. వాళ్ల "డ్యాంప్" విన్నప్పుడల్లా నాకు ఆమమే గుర్తొస్తుంది. అరగనిది జిగటగా పేరుకుని ఒళ్లు బరువెక్కించడం. రెండూ ఒకటే అని మాత్రం అనను. వాళ్ల లెక్కలో తేమ బయటి వాతావరణం నుంచి కూడా లోపలికి వస్తుంది. సింగపూర్ గాలి సంగతి మీకే తెలుసు.

పెరుగు గురించి: రాత్రిపూట పెరుగు మనవాళ్లూ వద్దన్నారు. కానీ గ్రహణిలో మజ్జిగని మించింది లేదన్నారు. వెన్న తీసిన పల్చటి మజ్జిగలో శొంఠి, వేయించిన జీలకర్ర పొడి, కాస్త సైంధవ లవణం. మీ సిన్‌సే ఒప్పుకోదు, నేను ఒప్పిస్తాను.

---

సింగపూర్_శీను | మార్చి 4, ఉదయం 8:15

నాన్జింగ్ తమ్ముడూ, పొట్లం మీద చైనీస్‌లో రాసి ఉంది. కొలీగ్ చదివి చెప్పింది: షెన్ లింగ్ బై జూ సాన్. ఏమిటిది?

---

నాన్జింగ్_రిటర్న్ | మార్చి 4, మధ్యాహ్నం 1:20

చాలా పాత యోగం (మందుల మిశ్రమం) అన్నా, సాంగ్ వంశం కాలంలో ప్రభుత్వ మందుల శాల వేసిన యోగాల పుస్తకంలోది. దాని నడుమ ఉండేది "సి జున్ జి తాంగ్", నలుగురు పెద్దమనుషుల కషాయం: జిన్‌సెంగ్, బై జూ అనే దుంప, ఫూ లింగ్ అనే పుట్టగొడుగు జాతిది (పైన్ చెట్టు వేళ్ల మీద గడ్డలా పెరుగుతుంది), అతిమధురం. పెద్దమనుషులు అనడం ఎందుకంటే నాలుగూ సాధుస్వభావం గలవి, దూకుడు లేదు అని. దీనికి తామర గింజలు, పెండలం లాంటి దుంప, చిక్కుడు గింజ, అక్కడ బార్లీ అని అమ్మే జాబ్స్ టియర్స్ గింజలు చేరిస్తే నీ పొట్లం. సగం వంటింటి సరుకే. విరేచనం గట్టిపరచడానికి ఇస్తారు.

చలి చేతులు, వేడి నీళ్ల సీసా పెట్టుకుంటే తగ్గే కడుపునొప్పి ఉంటే ఇంకోటి ఇస్తారు, లి జుంగ్ వాన్. అందులో శొంఠి ఉంటుంది. ఆకుపసరు గారికి నచ్చుతుంది.

ఈ ప్లీహం గోల అంతా ఒక సిద్ధాంతంగా నిలబడటానికి కారణం లి దొంగ్‌యువాన్ (1180–1251) అనే వైద్యుడు. ఆయన కథ చెప్పకుండా ఉండలేను. 1232లో మంగోలులు కైఫెంగ్ నగరాన్ని ముట్టడించారు. అర్ధనెల తర్వాత ముట్టడి ఎత్తేశారు. అసలు చావులు అప్పుడు మొదలయ్యాయి. నగరానికి పన్నెండు ద్వారాలు, ఒక్కో ద్వారం గుండా రోజుకి వెయ్యి నుంచి రెండు వేల శవాలు, దాదాపు మూడు నెలలపాటు వెళ్లాయని ఆయనే రాశాడు. వైద్యులందరూ బయటి నుంచి వచ్చిన చలిజబ్బు అనుకుని చెమట పట్టించే మందులు, విరేచనాల మందులు ఇచ్చారు. లి మాత్రం వీళ్లు ఆకలితో, భయంతో, అలసటతో లోపల్నుంచి కూలిపోయారు, ముట్టడిలో తిండి లేక కొట్లు పాడైపోతే వాటిని ఇంకా ఖాళీ చేస్తారేంటి అని వాదించాడు. 1249లో "పీ వే లున్" (ప్లీహం, జీర్ణాశయాల గురించిన గ్రంథం) ముగించాడు. ఆయన కట్టిన "బూ జుంగ్ యీ చీ తాంగ్" అనే ఎనిమిది దినుసుల కషాయం చైనా మందుల షాపుల్లో ఇవాళ్టికీ మాత్రల రూపంలో దొరుకుతుంది.

---

లాజిక్_లింగం | మార్చి 4, మధ్యాహ్నం 2:05

ప్లేగు అయ్యుండొచ్చని కూడా చరిత్రకారుల్లో కొందరి అనుమానం. ప్లేగుకి జిన్‌సెంగ్ పోస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

కానీ ఒకటి ఒప్పుకుంటా. ఆకలితో ఉన్నవాడికి విరేచనాల మందు ఇవ్వకండ్రా అన్నవాడు తెలివైనవాడే.

---

డా_పల్నాడు | మార్చి 4, రాత్రి 9:50

అందరూ ప్లీహం చుట్టూ తిరుగుతున్నారు. నేను జనరల్ ఫిజీషియన్‌ని. శీను గారూ, కొన్ని ప్రశ్నలు. వయసెంత? బరువు తగ్గారా? మలంలో రక్తం ఏమైనా? రాత్రి నిద్రలోంచి లేచి వెళ్లాల్సి వస్తోందా? హిమోగ్లోబిన్, థైరాయిడ్, బీ12 ఎప్పుడు చూపించుకున్నారు? అన్నిటికంటే ముఖ్యం: ఈ మూడు నెలల్లో కొత్తగా ఏదైనా మాత్ర మొదలుపెట్టారా?

అసలు ప్లీహం గురించి రెండు ముక్కలు. ఎడమ పక్క, 9 నుంచి 11వ పక్కటెముకల చాటున, సుమారు 150 గ్రాములు ఉంటుంది. ముసలి ఎర్రకణాల్ని ఏరిపారేస్తుంది, ప్లేట్‌లెట్లని నిల్వ ఉంచుతుంది, రక్తంలోకి వచ్చిన కొన్ని రకాల బ్యాక్టీరియాని పట్టుకుంటుంది. అన్నం అరగడంలో దానికి వాటా లేదు. అది పెరిగిందంటే వెనకాల మలేరియా, టైఫాయిడ్, లివర్ సిరోసిస్, థలసీమియా, రక్త క్యాన్సర్ లాంటివి ఏవో ఉంటాయి. దానికి టానిక్కు ఉండదు. కారణం పట్టుకోవాలి.

---

సింగపూర్_శీను | మార్చి 4, రాత్రి 10:20

38 ఏళ్లు డాక్టరు గారూ. బరువు తగ్గలేదు, రక్తం లేదు, రాత్రి లేవను. మాత్ర అంటే... డిసెంబరులో షుగర్ బోర్డర్ దాటిందని మెట్‌ఫార్మిన్ ఇచ్చారు. రోజుకి రెండుసార్లు. పొద్దున్నది పరగడుపున వేసుకుంటున్నా, ఆఫీసు హడావిడిలో టిఫిన్ ఉండదు.

---

డా_పల్నాడు | మార్చి 4, రాత్రి 10:26

డిసెంబరు, జనవరి, ఫిబ్రవరి. మూడు నెలలు.

ఉబ్బరం, పల్చటి విరేచనం మెట్‌ఫార్మిన్‌కి అన్నిటికంటే ముందు చెప్పుకునే సైడ్ ఎఫెక్టులు. పరగడుపున వేసుకుంటే మరీనూ. మీ అంతట మీరు ఆపొద్దు. రాసిచ్చిన డాక్టరు దగ్గరికి వెళ్లి తిన్నాక వేసుకోవచ్చా, మెల్లగా విడుదలయ్యే రకానికి మార్చొచ్చా అని అడగండి. ఆ మాత్ర ఏళ్ల తరబడి వాడితే బీ12 తగ్గుతుంది, అదీ ఒకసారి చూపించుకోండి.

ఇంకోటి. ఆ పొడిలో జిన్‌సెంగ్ ఉంటే షుగర్ మీద కొంత ప్రభావం ఉండొచ్చు. అతిమధురం ఎక్కువ రోజులు, ఎక్కువ మోతాదులో పోతే బీపీ పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. రక్తం పల్చబడే వార్ఫరిన్ వాడేవాళ్లు జిన్‌సెంగ్ జోలికే పోకూడదు. సిన్‌సేకి మీ మాత్రల సంగతి చెప్పారా? ఇక్కడి డాక్టరుకి పొడి సంగతి చెప్పారా? రెండూ చెప్పి ఉండరు.

---

సింగపూర్_శీను | మార్చి 4, రాత్రి 10:29

రెండూ చెప్పలేదండీ 🙏

---

మన్యం_మాస్టారు | మార్చి 5, ఉదయం 5:55

నేను పాడేరు దగ్గర బడిపంతులుగా చేసి రిటైరైనవాణ్ణి. ప్లీహం అని మీరంతా గ్రాంథికంలో అంటుంటే ఏదో అనుకున్నాను. మా వైపు దీన్ని బల్ల అంటాం. "వాడి కడుపులో బల్ల పెరిగింది" అంటారు. మా చిన్నతనంలో చలిజ్వరం (మలేరియా) రాని ఇల్లు లేదు. జ్వరం వచ్చి పోయి, వచ్చి పోయి చివరికి ఎడమ డొక్కలో పలకలాగా గట్టిగా చేతికి తగిలేది. పిల్లల కాళ్లూ చేతులూ పుల్లల్లా ఉండి పొట్ట మాత్రం కుండలా ఉండేది. బల్ల కరగాలని వాతలు పెట్టేవారు. నా పొట్ట మీద మూడు మచ్చలు ఇంకా ఉన్నాయి. బల్ల కరిగింది వాతకి కాదు, క్లోరోక్విన్ అనే మలేరియా మాత్రకి.

నాన్జింగ్ బాబూ, చైనావాళ్లకీ మలేరియా ఉండేది కదా. మరి ఈ బల్లని వాళ్లు ఏమనేవారు? దానికీ ఈ పెద్దమనుషుల కషాయమే పోసేవారా?

---

నాన్జింగ్_రిటర్న్ | మార్చి 5, ఉదయం 11:40

మాస్టారూ, ఈ ప్రశ్న మా ప్రొఫెసర్ని ఎవరైనా అడిగుంటే ఆ రోజు క్లాసులో ఎవరూ నిద్రపోయేవాళ్లు కాదు.

పొయ్యలేదండీ. ఆ బల్లకి వాళ్ల పేరు "న్యువే-మూ". మాటకి మాట పెడితే చలిజ్వరపు తల్లి. జ్వరం మానకుండా తిరగబెడుతుంటే పక్కటెముకల కింద గడ్డ కడుతుందని మూడో శతాబ్దం మొదట్లో ఝాంగ్ జుంగ్‌జింగ్ అనే వైద్యుడు రాశాడు. దానికి తాబేలు డొప్పతో చేసే మాత్ర చెప్పాడు, బియే జియా జియాన్ వాన్. అంటే చేతికి తగిలే నిజమైన ప్లీహం ఉబ్బితే వాళ్లు దాన్ని "పీ" జబ్బుల కింద వెయ్యనే లేదు! గడ్డల పద్దులో వేశారు. పీ ఖాతాలో అజీర్తి, నీరసం, విరేచనాలు, రక్తం కారడం.

మలేరియాకి అసలు మందు కూడా అక్కడి పాత పుస్తకంలోంచే తేలింది. నాలుగో శతాబ్దపు గ హొంగ్ అనే పండితుడు చింగ్‌హావో అనే మొక్కని నీళ్లలో నానబెట్టి పిండి రసం తాగమన్నాడు, మరిగించమనలేదు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని టు యూయూ అనే చైనా శాస్త్రవేత్త వేడి తగలకుండా సారం తీసి ఆర్టెమిసినిన్ సాధించింది. 2015లో నోబెల్ వచ్చింది.

---

మన్యం_మాస్టారు | మార్చి 5, మధ్యాహ్నం 12:10

చలిజ్వరపు తల్లి. మా వాళ్లు వింటే మొక్కు కట్టేవారు.

---

పద్మ_కెనడా | మార్చి 5, సాయంత్రం 7:30

నాకు ప్లీహమే లేదు, నేనూ మాట్లాడొచ్చా? 😄

2011లో ఐటీపీ వచ్చింది, ఒళ్లే తన ప్లేట్‌లెట్లని నాశనం చేసుకునే జబ్బు. ఒంటి మీద ఎక్కడ పడితే అక్కడ నల్లమచ్చలు, ప్లేట్‌లెట్లు 18 వేలు. స్టెరాయిడ్లు తగ్గించగానే మళ్లీ పడిపోయేవి. చివరికి ప్లీహం తీసేశారు. ఆ తర్వాత ప్లేట్‌లెట్లు నిలబడ్డాయి.

రెండేళ్ల కిందట మెడనొప్పికి ఇక్కడ ఒక చైనీస్ ఆక్యుపంక్చర్ ఆవిడ దగ్గరికి వెళ్లాను. కుడి చెయ్యి పట్టుకుని "నీ స్ప్లీన్ నీరసంగా ఉంది" అంది. "నాకు స్ప్లీన్ లేదు, తీసేశారు" అన్నా. ఆవిడ ఏమాత్రం తడుముకోకుండా "పర్లేదు, వాళ్లు తీసింది అది కాదు" అంది! ఇంటికొచ్చి మా ఆయనకి చెప్తే అరగంట నవ్వాడు. ఇవాళ ఈ చర్చ చదివాక అర్థమైంది, ఆవిడ లెక్కలో ఆవిడ కరెక్టే.

---

లాజిక్_లింగం | మార్చి 5, సాయంత్రం 7:44

లేని ప్లీహానికి నాడి దొరికిందా! ఇక నేను ఓడిపోయాను, తలుపులు మూసేయండి.

---

గోదారి_గట్టు | మార్చి 5, రాత్రి 8:02

పద్మక్కా, ప్లీహం రక్తాన్ని నాళాల్లో పట్టి ఉంచుతుందని చైనా వైద్యంలో ఉందట, నెట్‌లో చదివా. ప్లేట్‌లెట్లు తగ్గినవాళ్లకి గ్వే పీ తాంగ్ అనే కషాయం పనిచేస్తుందట. మా బావమరిదికి ఐటీపీ, 22 వేలు ఉన్నాయి. స్టెరాయిడ్ మాన్పించి ఇది ఇద్దామనుకుంటున్నాం. ఎక్కడ దొరుకుతుంది?

---

డా_పల్నాడు | మార్చి 5, రాత్రి 8:09

గోదారి గారూ, దయచేసి ఆగండి. 22 వేల దగ్గర స్టెరాయిడ్ ఒక్కసారిగా ఆపితే మెదడులో రక్తస్రావం దాకా వెళ్లొచ్చు. స్టెరాయిడ్ ఎవరూ సొంతంగా ఆపకూడదు. ముఖం ఉబ్బుతోందనో, షుగర్ వస్తోందనో భయమైతే ఆ మాటే హిమటాలజిస్టుని (రక్తజబ్బుల డాక్టర్ని) అడగండి. ఇప్పుడు వేరే మందులు కూడా ఉన్నాయి.

---

నాన్జింగ్_రిటర్న్ | మార్చి 5, రాత్రి 8:31

డాక్టరు గారి మాటే నాదీ. గ్వే పీ తాంగ్ పదమూడో శతాబ్దపు యోగం. మొదట్లో రాసింది ఎక్కువ ఆలోచించి మతిమరుపు వచ్చి, గుండెదడతో బాధపడేవాళ్లకి. వాళ్ల లెక్కలో అతిగా ఆలోచిస్తే దెబ్బతినేది ప్లీహమే. రక్తం కారడం తర్వాతివాళ్లు చేర్చారు. నేను చూసిన చైనా హాస్పిటల్లో ఐటీపీ పేషెంటుకి సంప్రదాయ విభాగంవాళ్లు కషాయం ఇచ్చినా స్టెరాయిడ్ పక్కనే నడిచేది. రోజూ రక్తం తీసి చూసేవాళ్లు.

ఊరూపేరూ లేని పొడులు తెప్పించొద్దు. బెల్జియంలో 1990ల్లో సన్నబడటానికి ఇచ్చిన చైనా మూలికల్లో ఒకదాని బదులు అరిస్టొలోకియా జాతి వేరు కలిసిపోయి వంద మందికి పైగా కిడ్నీలు పోయాయి. పేర్లు దగ్గరగా ఉండటంవల్ల జరిగిన పొరపాటు.

---

పద్మ_కెనడా | మార్చి 5, రాత్రి 9:15

గోదారి తమ్ముడూ, ఆ భయం నాకు తెలుసు. అద్దంలో నా ముఖం నేనే గుర్తుపట్టలేదు ఆర్నెల్లు. అయినా ఆపొద్దు.

ఒకవేళ ఎప్పుడైనా ప్లీహం తీయాల్సి వస్తే ముందే టీకాల సంగతి అడగండి. న్యుమోకోకస్, మెనింజోకోకస్, హిబ్ టీకాలు ఆపరేషన్‌కి కనీసం రెండు వారాల ముందు వేస్తారు. ఆ తర్వాత జీవితాంతం, జ్వరం వస్తే "రేపు చూద్దాంలే" ఉండదు. నేను ప్లీహం లేదని రాసిన కార్డు పర్సులో పెట్టుకుని తిరుగుతా. సంక్రాంతికి ఇండియా వచ్చినా అంతే.

---

గోదారి_గట్టు | మార్చి 5, రాత్రి 9:40

సరే అక్కా. ఆపం. రేపు ఫోన్ చేసి మాట్లాడతాను.

---

మోడరేటర్ | మార్చి 6, ఉదయం 9:00

సభ్యులకు విజ్ఞప్తి. "నాకూ పళ్ల గుర్తులున్నాయా చూడండి" అంటూ నాలుక ఫొటోలు పెట్టకండి. ఇప్పటికి పదకొండు తీసేశాను. ఒకటి టిఫిన్ మధ్యలో తీసింది.

---

ఆకుపసరు | మార్చి 6, ఉదయం 10:25

లింగం గారూ, మీరు వెక్కిరించండి కానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన ఐసీడీ-11 జబ్బుల పట్టికలో ఈ ప్లీహశక్తి లోపం కూడా ఒక వరుసలో ఉంది, సంప్రదాయ వైద్యాల అధ్యాయంలో. ఆయుర్వేద, సిద్ధ, యునానీలకి 2024లో చోటు దొరికింది. మాకంటే వాళ్లు ముందే వెళ్లి కుర్చీ వేసుకున్నారు.

---

లాజిక్_లింగం | మార్చి 6, ఉదయం 11:02

పట్టికలో రాస్తే లెక్కపెట్టుకోవడానికి పనికొస్తుంది, నయమవుతుందని సర్టిఫికెట్ కాదు మేడమ్.

నేనూ ఊరికే వాదించట్లేదు, వెతికి చదివా. 2020లో చైనాలో తిన్నాక ఉబ్బరం వచ్చే 278 మందికి నాలుగు వారాల్లో 12 సార్లు ఆక్యుపంక్చర్ చేశారు. నిజం సూదుల గుంపులో 83 శాతం మందికి మెరుగు. ఉత్తుత్తి సూదుల గుంపులో కూడా 52 శాతం మందికి దగ్గర్లో మెరుగు! అంటే సగం మందికి ఎవరో పక్కన కూర్చుని శ్రద్ధగా చూస్తేనే కడుపు కుదుటపడింది. మిగతా ముప్పై శాతం తేడా నాకు కొరుకుడు పడలేదు, అదీ ఒప్పుకుంటున్నా.

---

డా_పల్నాడు | మార్చి 6, రాత్రి 10:15

ఆ సగం మంది సంగతే నన్ను తినేస్తుంది. మా ఓపీలో ఒక్కో పేషెంటుకి నాలుగు నిమిషాలు. శీను గారి సిన్‌సే ఆయన ఎప్పుడు తింటాడు, ఐసు నీళ్లు తాగుతాడా, రాత్రి ఎన్నింటికి పడుకుంటాడు అన్నీ అడిగింది. మాత్రల సంగతి ఒక్కటీ అడగలేదు. మా వాళ్లు మాత్ర రాశారు, పొద్దున టిఫిన్ తింటాడో లేదో అడగలేదు.

---

సింగపూర్_శీను | మార్చి 27, రాత్రి 8:48

అప్‌డేట్ ఇస్తానని ఇవ్వలేదు, క్షమించాలి. మాత్ర మెల్లగా విడుదలయ్యే రకానికి మార్చారు, రాత్రి భోజనం తర్వాత ఒక్కసారే. పొడి ఆపేశాను. పది రోజుల్లో విరేచనాలు కుదురుకున్నాయి. బీ12 తక్కువే ఉంది, దానికి వేరే మాత్ర నడుస్తోంది. మూడింటి కునుకు ఇంకా పూర్తిగా పోలేదు.

పొద్దున్నే వేడిగా గంజి తాగుతున్నా, అది సిన్‌సే చెప్పిందే, మానలేదు. ఐసు నీళ్లు కూడా మానేశా. ఈ సంగతి వీడియో కాల్‌లో చెప్తే మా అమ్మ అలిగింది. "నలభై ఏళ్లుగా నేను మొత్తుకుంటే చెవికెక్కలేదు, చైనా ఆవిడకి ఫీజిచ్చి విన్నావు."

సిన్‌సేకీ వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పా, మెట్‌ఫార్మిన్ సంగతి కూడా. కోప్పడలేదు. కార్డు మీద రాసుకుంది. మళ్లీ నాలుక చూసి ప్లీహం బాగుపడింది అంది.

---

లాజిక్_లింగం | మార్చి 27, రాత్రి 8:55

క్రెడిట్ ఆవిడ ఖాతాలోనా! సర్లే. పెరుగు సంగతి తేల్చావా?

---

సింగపూర్_శీను | మార్చి 27, రాత్రి 9:01

మధ్యాహ్నం ఆకుపసరు గారి మజ్జిగ, శొంఠితో. రాత్రి ఏమీ లేదు. ఆదివారం ఒక్కరోజు గడ్డపెరుగు, మామిడికాయతో. అది ఎవరికీ చెప్పలేదు.